ట్రాఫిక్ బోర్డు మీద చెయ్యేస్తే ఏ కేసు అవుతుంది? – తరచుగా అడిగే ప్రశ్నలు

మా వీధి మలుపులో 'ముందు బడి ఉంది' అని చెప్పే ముక్కోణపు బోర్డు ఒకటుంది. దాని మీద ఓ ట్యూషన్ సెంటర్ వాళ్లు పాంప్లెట్ అతికించారు. ఒకరోజు నీళ్లు చల్లి, గోకి తీస్తుంటే పక్కింటాయన గేటు దగ్గర నిలబడి అడిగారు: "గవర్నమెంటు బోర్డును మీరు ముట్టుకోవచ్చాండీ? మీ మీదే కేసవుతుందేమో!" నవ్వొచ్చింది గానీ, ఆయన ప్రశ్నలో తప్పు లేదు. ఆ తర్వాత ఇలాంటివే చాలామంది అడిగారు. కొందరు సరదాకి అడిగితే, కొందరు నిజంగానే టెన్షన్‌తో అడిగారు. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పడం కన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ఒక్క మాట. ఇక్కడ చెప్పిన శిక్షలు కేంద్ర చట్టాల్లో ఉన్నవి. అక్కడికక్కడ కట్టించుకునే చలానా మొత్తం రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. ఐపీసీ స్థానంలో తెచ్చిన కొత్త నేర చట్టం, భారతీయ న్యాయ సంహిత, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, అంతకుముందు జరిగిన ఘటనలకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి.

## చెయ్యి పెట్టకముందు

బోర్డును ముట్టుకోకూడదని అసలు చట్టంలో ఎక్కడుంది?

1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 116లో ఐదో ఉపసెక్షన్. చట్టప్రకారం పెట్టిన ట్రాఫిక్ గుర్తును ఎవరూ కావాలని తీసేయకూడదు, మార్చకూడదు, పాడుచేయకూడదు, మరే రకంగానూ దాన్ని కెలకకూడదు. 'కావాలని' అన్న మాటే ఇందులో కీలకం. పొరపాటుకు వేరే నియమం ఉంది.

దీనికి ప్రత్యేకంగా శిక్ష రాయలేదు. అందుకని సెక్షన్ 177 కింద మామూలు జరిమానా పడుతుంది: మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 1,500 వరకు. ఈ అంకె చూసి "ఇంతేనా!" అనుకుంటారు. కానీ అదే పని దొంగతనం కిందికీ, ప్రభుత్వ ఆస్తికి నష్టం కిందికీ, రోడ్డును ప్రమాదకరంగా మార్చడం కిందికీ రావచ్చు. అక్కడ మాట్లాడేది వందల రూపాయల గురించి కాదు, ఏళ్ల జైలు గురించి.

సరదాకి ఓ స్టాప్ బోర్డు ఊడదీసి హాస్టల్ గదిలో పెట్టుకున్నాం. పట్టుకుంటే ఐదొందల ఫైనేగా?

కాదు. ప్రభుత్వానిదో, మున్సిపాలిటీదో అయిన వస్తువును ఎత్తుకెళ్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 305 వర్తిస్తుంది. ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. ఊడదీసేటప్పుడు స్తంభం వంచినా, పగలగొట్టినా 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం సెక్షన్ 3 తోడవుతుంది. అది ఐదేళ్ల వరకు.

"ఐదువేల లోపు దొంగతనానికి సమాజసేవే శిక్షటగా" అని ఒక కుర్రాడు అడిగాడు. ఆ వెసులుబాటు ఉన్నది మామూలు దొంగతనం గురించి చెప్పే సెక్షన్ 303లో. అదీ మొదటిసారి దొరికి, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేసినవాళ్లకి. సర్కారు ఆస్తి దొంగతనానికి వేరే సెక్షనే ఉన్నప్పుడు దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆ ఎర్రటి ఎనిమిది మూలల రేకు గోడకు బాగానే ఉంటుంది. అది లేని కూడలిలో రాత్రి పన్నెండింటికి వచ్చే లారీవాడి సంగతి ఆలోచించండి.

బోర్డు జోలికి పోలేదు. సోలార్ బ్లింకర్ బ్యాటరీ ఒక్కటే తీశారు. ఇనుప సామాన్ల షాపువాడు కొన్నాడు. వాడికేమైనా అవుతుందా?

అవుతుంది. తీసినవాడికి దొంగతనం కేసు. దొంగసొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా కొన్నవాడికి న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల వరకు జైలు. మెరిసే స్టిక్కరు అంటుకుని ఉన్న రేకు, రోడ్డు పక్క రక్షణ కమ్మీ, సిగ్నల్ కేబుల్ లాంటివి తూకానికి వచ్చినప్పుడు "నాకు తెలీదు" అంటే కోర్టు సులువుగా నమ్మదు. ఆ సామాను ఇళ్లలో వాడేది కాదు కదా.

బోర్డు మీద పోస్టరు అంటిస్తే, సిగ్నల్ స్తంభానికి ఫ్లెక్సీ కడితే తప్పేంటి? అందరూ కడుతున్నారుగా?

మన దగ్గర జరిగే ట్యాంపరింగ్‌లో పెద్ద వాటా దీనిదేనని నా అభిప్రాయం. గొడ్డలి పట్టుకుని సిగ్నల్ నరికేవాడు ఎక్కడో ఒక్కడుంటాడు. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీతో వేగ పరిమితి బోర్డును కప్పేసేవాళ్లు వీధికొకరు.

బోర్డు మీదే అంటిస్తే అది పాడుచేయడమే, సెక్షన్ 116 ఉల్లంఘనే. బోర్డును తాకకుండా దానికి అడ్డంగా కట్టినా చట్టం ఊరుకోదు. గుర్తు కనబడకుండా చేసేవి, చూడ్డానికి ట్రాఫిక్ గుర్తులా ఉండి మోసపుచ్చేవి, డ్రైవరు చూపును లాగేవి ఏవైనా సరే తీయించే అధికారాన్ని ఎస్పీ, ఆపై స్థాయి పోలీసు అధికారికి రాష్ట్రం ఇవ్వొచ్చు. జాతీయ రహదారుల మీద ఆ అధికారం 2019 సవరణతో జాతీయ రహదారుల సంస్థకూ వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో బహిరంగ స్థలాలను పోస్టర్లతో వికారం చేయడాన్ని నిషేధించే 1997 చట్టం కూడా ఉంది.

ఫ్లెక్సీలో బొమ్మ ఎవరిదైనా, నిచ్చెన ఎక్కి కట్టింది కూలికి వచ్చిన పిల్లాడే అయుంటాడు. అడిగితే ముందు దొరికేదీ వాడే. కట్టమని పంపినవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అలా అంటించిన పాంప్లెట్ నేను పీకేస్తే నా మీద కేసవుతుందా?

బోర్డు దెబ్బతినకుండా తీస్తే కాదు. చట్టం తప్పుపట్టేది బోర్డును పాడుచేయడాన్ని, బాగుచేయడాన్ని కాదు. జాగ్రత్త మాత్రం అవసరం. బోర్డుల మీద రాత్రిపూట హెడ్‌లైటు వెలుగును వెనక్కి కొట్టే సన్నటి పొర ఉంటుంది. కత్తితోనో, ఇనుప పీచుతోనో గోకితే ఆ పొర లేచిపోతుంది. పగలు బాగానే కనబడే బోర్డు రాత్రి నల్లటి పలకలా మారుతుంది. తడిపి, నానబెట్టి, మెత్తగా తీయండి. ముందూ వెనకా ఫోటోలు తీసుకోండి. రాజకీయ ఫ్లెక్సీ అయితే మీరు ముట్టుకోకుండా మున్సిపాలిటీకి చెప్పడమే నయం. అక్కడ గొడవ చట్టంతో రాదు, మనుషులతో వస్తుంది.

చెట్టుకొమ్మ సిగ్నల్‌కి అడ్డం వచ్చింది. మేమే కొట్టేయొచ్చా?

వద్దు. రోడ్డు పక్క చెట్టు మీది కాదు. చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకోవాలని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెబుతోంది. అందరూ వాల్టా అనేది దీన్నే. ఫోటోతో మున్సిపాలిటీకి గానీ, ట్రాఫిక్ స్టేషన్‌కి గానీ రాసివ్వండి.

మా కాలనీ సంఘం సొంత డబ్బుతో 'వేగం 20', 'వన్ వే' బోర్డులు పెట్టించింది. మంచి పనేగా?

ఉద్దేశం మంచిదే. చట్టం మాత్రం ఒప్పుకోదు. సెక్షన్ 116 ప్రకారం ప్రభుత్వం, లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇంకెవరూ రోడ్డు మీదా రోడ్డు పక్కనా ట్రాఫిక్ గుర్తు పెట్టకూడదు. సైజు, రంగు, ఆకారం కూడా చట్టంలోని షెడ్యూలు ప్రకారమే ఉండాలి. సాధారణంగా గుండ్రంగా ఉంటే ఆజ్ఞ, ముక్కోణమైతే హెచ్చరిక, నీలం పలక అయితే సమాచారం. కాలనీ పెయింటరు సొంతంగా గీసిన 'వన్ వే'కి చట్టబలం ఉండదు. ఎవరైనా దాన్ని పట్టించుకోకుండా ఎదురొచ్చి గుద్దితే, 'రూలు తప్పాడు' అని అతణ్ణి అనలేరు. పైగా "ఈ బోర్డు పెట్టిందెవరు?" అని పోలీసులు మిమ్మల్నే అడుగుతారు.

చేయాల్సింది ఇది: సంఘం లెటర్‌హెడ్ మీద తీర్మానం రాసి, మలుపు ఫోటోలు జతచేసి, ట్రాఫిక్ పోలీసులకీ మున్సిపల్ ఇంజినీరుకీ ఇవ్వండి. ఖర్చు మీరే పెట్టుకుంటామంటే పని తొందరగా అవుతుంది. సొంతంగా వేసుకునే స్పీడు బ్రేకర్లకూ ఇదే దారి. రాత్రికి రాత్రి సిమెంటుతో ఎత్తైన దిబ్బ కట్టి, దానికి గుర్తు కూడా లేకపోతే, పడేది మీ కాలనీ పిల్లలే.

మా ఇంటి గేటుకి 'నో పార్కింగ్' అని తగిలించుకుంటే?

మీ గేటు, మీ గోడ మీ ఇష్టం. దానికి చట్టబలం ఉండదు, మర్యాదగా చేసిన విన్నపం కింద లెక్క. అదే బోర్డును స్తంభం పాతి రోడ్డు మీద పెట్టినా, పూలకుండీలు, రాళ్లు, టైర్లు పెట్టినా దారికి అడ్డం పెట్టినట్టే. న్యాయ సంహిత సెక్షన్ 285 కింద ఐదువేల వరకు జరిమానా.

హైవే మీద మా ఊరికి యూటర్న్ చాలా దూరం. డివైడర్ కొంచెం పగలగొట్టి బళ్లు దాటేలా చేసుకున్నారు. ఇదీ నేరమేనా?

నేరమే, అదీ పెద్దదే. ఊళ్లో దీన్ని నేరంగా ఎవరూ చూడరు. రెండు కిలోమీటర్లు చుట్టూ తిరగాలంటే ఎవరికైనా విసుగే. పాలవాడు, పొలానికి వెళ్లే ట్రాక్టరు, రోడ్డు పక్క హోటలు యజమాని, అందరికీ ఆ సందు కావాలి.

జాతీయ రహదారిని ప్రయాణానికి పనికిరాకుండా గానీ, ప్రమాదకరంగా గానీ మార్చే పనికి 1956 జాతీయ రహదారుల చట్టం సెక్షన్ 8బీ కింద ఐదేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మిగతా రోడ్లకూ, వంతెనలకూ న్యాయ సంహిత సెక్షన్ 326లో ఇదే మాట, ఇదే శిక్ష ఉంది. రక్షణ కమ్మీలు విప్పడం, మలుపులో మెరిసే పలకలు పీకడం, రోడ్డు పని దగ్గర పెట్టిన 'దారి మళ్లింపు' బోర్డు పక్కకు తిప్పడం కూడా ఇందులోకే లాగొచ్చు.

కుడి వైపు లేన్‌లో నూరు మీద వచ్చే కారుకి ఆ సందు ఉన్నట్టే తెలియదు. అక్కడ ముందస్తు హెచ్చరిక బోర్డు ఉండదు, లైటు ఉండదు, మలుపు తిరిగేవాడు ఆగి చూసుకోవడానికి చోటుండదు. అండర్‌పాసో, సర్వీసు రోడ్డో కావాలంటే పంచాయతీ తీర్మానంతో రహదారుల సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకు రాయండి. ఏళ్లు పడుతుందని తెలుసు. అయినా దానికి వేరే దారి లేదు.

సిగ్నల్ స్తంభం కింద ఉండే పెట్టె తెరిచి టైమింగ్ మారిస్తే?

ఆ పెట్టెలో ఉన్నది కంప్యూటరే. అనుమతి లేకుండా అందులో వేలు పెడితే ట్రాఫిక్ చట్టంతో పాటు సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 66 కూడా వస్తుంది: మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పెట్టె తెరవకుండా దూరం నుంచి నెట్‌వర్క్‌లోకి చొరబడినా అంతే. తాళం ఉన్న ఉద్యోగికీ మినహాయింపు లేదు. 2006లో లాస్ ఏంజిలిస్‌లో సమ్మె వేళ ఇద్దరు ట్రాఫిక్ ఇంజినీర్లు నాలుగు ముఖ్య కూడళ్ల సిగ్నళ్లను కెలికి, తర్వాత కోర్టులో నేరం ఒప్పుకోవాల్సి వచ్చింది.

## పొరపాటున తగిలింది – మొదటి ఇరవై నాలుగు గంటలు

కారు జారి బోర్డును గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరూ చూడలేదు. వెళ్లిపోవచ్చా?

వెళ్లిపోకండి. నన్నడిగితే ఈ మొత్తంలో అందరికీ తెలియాల్సిన నియమం ఇదొక్కటే, తెలిసినవాళ్లు తక్కువ. సెక్షన్ 116 ఆరో ఉపసెక్షన్: పొరపాటున ట్రాఫిక్ గుర్తు పనికిరాకుండా పోయేలా దెబ్బతీస్తే, జరిగింది పోలీసు అధికారికి గానీ స్టేషన్‌లో గానీ వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు చెప్పాలి.

అదే చట్టంలో సెక్షన్ 134 కూడా ఉంది. ప్రమాదంలో ఇంకొకరి ఆస్తికి నష్టం జరిగితే డ్రైవరు 24 గంటల్లో స్టేషన్‌లో చెప్పాలి, ఇన్సూరెన్స్ కంపెనీకీ రాతపూర్వకంగా తెలపాలి. చెప్పకపోతే సెక్షన్ 187 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. అంటే పొరపాటున గుద్దినందుకు కాదు, చెప్పకుండా వెళ్లినందుకు ఇరుక్కుంటారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే. ఇక 'ఎవరూ చూడలేదు' అంటారా, ఎదురుగా ఉన్న పెట్రోలు బంకు కెమెరా చూసే ఉంటుంది.

సరే చెబుతాను. ఎవరికి, ఎలా?

ముందు 112కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి అయితే 1033కి కూడా. బోర్డు రోడ్డు మీద పడి ఉంటే, మీరు ముందు భద్రంగా ఉన్నారని చూసుకుని, దాన్ని పక్కకు లాగండి. ఆపద తప్పించడానికి మంచి మనసుతో చేసిన పనిని ట్యాంపరింగ్ అనరు. హజార్డ్ లైట్లు వేసి, వెనక వచ్చేవాళ్లకి కనబడేలా ముక్కోణం పెట్టండి.

తర్వాత తెల్లకాగితం మీద తేదీ, సమయం, చోటు, బండి నంబరు, లైసెన్సు నంబరు, ఎలా జరిగింది, బోర్డు మీద ఏముండేది, ఇవన్నీ రాసి స్టేషన్‌లో ఇవ్వండి. రెండో కాపీ మీద స్వీకరించినట్టు ముద్ర, సంతకం వేయించుకోవడం మాత్రం మరిచిపోవద్దు. 24 గంటల్లో చెప్పారనడానికి మీ దగ్గర ఉండే రుజువు ఆ ముద్రే.

నేనే వెళ్లి చెబితే నా మీదే కేసు పెట్టేస్తారేమో?

నిర్లక్ష్యంగా నడిపారనిపిస్తే పెట్టొచ్చు, అది లేదని చెప్పను. అయితే 'కావాలని పాడుచేశాడు' అన్న ఆరోపణ నిలవదు. ప్రజా ఆస్తుల చట్టానికి కూడా నష్టం కలిగించే ఉద్దేశమో, కలుగుతుందన్న ఎరుకో ఉండాలి. కుక్క అడ్డమొచ్చి స్టీరింగు తిప్పినవాడికి అది ఉండదు. మీ అంతట మీరు చెప్పడం ఆ మాటకు బలం. తాగి నడిపి ఉంటే కథ వేరు, దాన్ని ఈ నియమం కాపాడదు.

బోర్డు ఖరీదు నేనే కట్టాలా? ఇన్సూరెన్స్ ఇస్తుందా?

థర్డ్ పార్టీ పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి కూడా కవర్ ఉంటుంది. మామూలుగా కార్లకి 7.5 లక్షలు, బైకులకి లక్ష వరకు. ప్రీమియం తగ్గించుకోవడానికి కొందరు దాన్ని 6,000కి కుదించుకుంటారు. మీ పాలసీ కాగితం ఒకసారి చూసుకోండి. స్టేషన్‌లో ఇచ్చిన రాతకాపీ లేకుండా క్లెయిము ముందుకు కదలడం కష్టం. ఎవరైనా సిబ్బంది "ఇక్కడే ఇచ్చేయండి, చూసుకుంటాం" అంటే రసీదు అడగండి. రసీదు ఇవ్వనంటే ఇవ్వకండి.

మా వాడికి పదహారేళ్లు. బండి తీసుకెళ్లి సిగ్నల్ స్తంభాన్ని గుద్దాడు. ఎవరి మీద కేసు?

ఇద్దరి మీదా. పిల్లాడి విషయం బాలల న్యాయమండలి చూస్తుంది. మీకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఏ: సంరక్షకుడికో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. "నాకు తెలియకుండా తాళాలు తీశాడు" అని నిరూపించుకోవాల్సింది మీరే. తాళాలు టీవీ పక్కన మేకుకి వేలాడుతుంటే నిరూపించడం కష్టం.

## కేసు నమోదయ్యాక

నష్టం ఎంతయితే ఎంత శిక్ష?

కావాలని చేసిన నష్టానికి న్యాయ సంహిత సెక్షన్ 324 మెట్లు కట్టింది. ప్రభుత్వ, స్థానిక సంస్థల ఆస్తికి నష్టమైతే ఏడాది వరకు. నష్టం 20,000 నుంచి లక్ష లోపు అయితే రెండేళ్ల వరకు. లక్ష, ఆపైన అయితే ఐదేళ్ల వరకు. అన్నిటికీ జైలు, జరిమానా, లేదా రెండూ. వీధిలో చిన్న బోర్డు మొదటి మెట్టు దగ్గరే ఆగుతుంది. రోడ్డుకు అడ్డంగా వేలాడే పెద్ద దిశాసూచి బోర్డో, సిగ్నల్ కంట్రోలరో అయితే లక్ష దాటడం ఎంతసేపు? అందుకే నష్టం అంచనా ఎవరు వేశారు, దేని ఆధారంగా వేశారు అన్నది మీ లాయరు మొదట అడగాల్సిన ప్రశ్న.

అరెస్టు చేస్తారా? బెయిలు దొరుకుతుందా?

ఏడేళ్ల వరకు శిక్షపడే నేరాల్లో సాధారణంగా పోలీసులు ముందు హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. అది అరెస్టు, బెయిలు లాంటి పద్ధతులు చెప్పే నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 35. నోటీసు ప్రకారం వెళ్తూ ఉంటే అరెస్టు అవసరం రాకపోవచ్చు. ప్రజా ఆస్తుల చట్టం పెడితే అది నాన్ బెయిలబుల్. కస్టడీలో ఉన్నవాళ్లకి బెయిలు ఇచ్చేముందు ప్రాసిక్యూషన్ వాదన వినాలని ఆ చట్టంలోనే ఉంది. బెయిలు రాదని కాదు, సాయంత్రానికే వస్తుందనుకోవద్దని.

డబ్బు కట్టేసి రాజీ చేసుకుంటే కేసు పోతుందా?

మోటారు వాహనాల చట్టం జరిమానా వరకైతే కట్టేస్తే అయిపోతుంది. ప్రజా ఆస్తుల చట్టం కింది కేసు రాజీకి వీలైన జాబితాలో లేదు. నష్టపరిహారం కట్టడం బెయిలుకీ, శిక్ష తగ్గడానికీ సాయపడుతుంది. కేసు కొట్టేయాలంటే హైకోర్టుకి వెళ్లాలి.

పాస్‌పోర్టు, అమెరికా చదువు... అన్నీ ఆగిపోతాయా?

ఇది అడిగేటప్పుడు తల్లిదండ్రుల గొంతు మారిపోతుంది. ఎఫ్ఐఆర్ ఉన్నంతమాత్రాన పాస్‌పోర్టు ఆగాలని చట్టంలో లేదు. కోర్టులో కేసు నడుస్తుంటే మాత్రం నిరాకరించవచ్చు. అప్పుడు ఆ కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇస్తారు. ఫారాల్లో కేసు సంగతి దాచడం మాత్రం చేయొద్దు. కేసు చిన్నదైనా, అబద్ధం పెద్దదవుతుంది.

బంద్‌కి పిలుపు మేమిచ్చాం. సిగ్నళ్లు పగలగొట్టింది ఎవరో. మా బాధ్యతా?

కావచ్చు. 2009లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న కేసులోనే సుప్రీంకోర్టు దీని మీద మార్గదర్శకాలిచ్చింది. నష్టాన్ని పగలగొట్టినవాళ్లూ, కార్యక్రమం నిర్వాహకులూ కోర్టు తేల్చిన వాటా ప్రకారం భరించాలంది. అసలు నష్టానికి తోడు, దానికి రెట్టింపు మించకుండా అదనపు పరిహారం కూడా వేయొచ్చు. బోర్డు మీద నల్లరంగు పూయడం కూడా నష్టమే. నిరసన న్యాయమైనదే కావచ్చు, ఆ బోర్డు చూసి దారి తెలుసుకునే అంబులెన్సుకి మీ నిరసనతో పనిలేదు.

## ప్రమాదం జరిగితే, చలానా వస్తే

బోర్డు పీకేయడం వల్ల ఎవరైనా చనిపోతే హత్య కేసు అవుతుందా?

హత్య అని నేరుగా అనరు. నిర్లక్ష్యంతో ప్రాణం పోయిందంటే న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు. ప్రాణం పోవచ్చని తెలిసే చేశాడని తేలితే సెక్షన్ 105, అది ఇంకా తీవ్రం. బోర్డు లేకపోవడమే ప్రమాదానికి కారణమని చూపాల్సిన భారం మాత్రం ప్రాసిక్యూషన్‌దే.

అమెరికాలోని ఫ్లోరిడాలో 1996లో స్టాప్ గుర్తు లేని కూడలిలో లారీ గుద్ది ముగ్గురు కుర్రాళ్లు చనిపోయారు. గుర్తులు పీకారన్న ఆరోపణ మీద ముగ్గురు యువతీయువకులకు పదిహేనేళ్ల జైలు పడింది. 2001లో అప్పీలులో ఆ తీర్పు నిలవలేదు. నిలవకపోయినా, అప్పటికే వాళ్ల వయసులో కొన్నేళ్లు జైల్లో గడిచిపోయాయి.

బోర్డు పడిపోయి నెలలైంది, ఎవరూ పెట్టలేదు. యాక్సిడెంట్ అయితే అధికారులకి బాధ్యత లేదా?

ఉంది. మోటారు వాహనాల చట్టంలో 2019లో వచ్చిన సెక్షన్ 198ఏ ప్రకారం రోడ్డు నిర్మాణం, నిర్వహణల ప్రమాణాలు పాటించక మరణమో అంగవైకల్యమో కలిగితే సంబంధిత అధికార సంస్థకీ, కాంట్రాక్టరుకీ, కన్సల్టెంటుకీ లక్ష రూపాయల వరకు జరిమానా. ప్రాణం పోయాక లక్ష ఏపాటిదని నాకూ అనిపిస్తుంది. అయినా మీరు ముందే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉంటే ఆ కాగితం పరిహారం కేసులో కూడా పనికొస్తుంది. జాతీయ రహదారుల మీద 'రాజ్‌మార్గ్ యాత్ర' యాప్‌లో ఫోటోతో ఫిర్యాదు పెట్టొచ్చు.

బోర్డు చెట్టు వెనక దాక్కుంది. కెమెరా మాత్రం నాకు చలానా వేసింది. కట్టాలా?

కట్టకుండా సవాలు చేయొచ్చు. కెమెరాలతో నిఘా పెట్టిన చోట ముందుగా కనబడేలా హెచ్చరిక బోర్డులు ఉండాలని 2021లో చేర్చిన కేంద్ర మోటారు వాహనాల నియమం 167ఏ చెబుతోంది. అదేరోజు, లేదా మర్నాడే వెళ్లి డ్రైవరు సీటులోంచి కనబడే కోణంలో ఫోటోలు తీయండి. నెల తర్వాత తీస్తే, ఈలోపు కొమ్మ కొట్టేసి ఉంటారు. మీ వాదన గాల్లో పోతుంది.

## రోడ్డు దాటి

రైల్వే గేటు, సిగ్నల్ కూడా ఇదే చట్టమా?

కాదు, 1989 రైల్వే చట్టం. మూసిన గేటు తెరిస్తే మూడేళ్ల వరకు, గేటు విరగ్గొడితే ఐదేళ్ల వరకు. రైలును ప్రమాదంలో పడేయాలన్న ఉద్దేశంతో సిగ్నల్ దాచినా, తీసినా, దొంగ సిగ్నల్ చూపినా సెక్షన్ 150 కింద యావజ్జీవం దాకా వెళ్తుంది. "గేటు కింద నుంచి బైకు వంచి దూరాను, విరగ్గొట్టలేదు" అంటే ఈ రెండు నేరాలూ కాకపోవచ్చు గానీ, అక్రమంగా దూరిన కేసు ఉండనే ఉంది.

అమెరికాలో ఉంటున్నాం. సిగ్నల్‌ని పచ్చగా మార్చే పరికరం ఆన్‌లైన్‌లో దొరుకుతుందట. కొనొచ్చా?

అంబులెన్సులు, ఫైరింజన్లు వాడే పరికరం అది. అనుమతి లేనివాళ్లు వాడితే అక్కడి ఫెడరల్ చట్టం కింద ఆరు నెలల వరకు, అనుమతి లేనివాళ్లకి అమ్మితే ఏడాది వరకు జైలు. రాష్ట్రాల చట్టాలు దీనికి అదనం. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లయితే జైలు దాకా పోనక్కర్లేదు, ఒక్క అరెస్టు రికార్డు వీసా దగ్గర ఏళ్లపాటు వివరణలు ఇప్పిస్తుంది. రెడ్ దగ్గర ఆ తొంభై సెకన్లు ఆగండి.